పారాషూటు, రెక్కల ఉడుపు : ఆకాశావతరణ సాధనములు, పద్ధతులు

"పారాషూటు" అను మాట ఫ్రెంచి భాషనుండి వచ్చినది. ఆ భాషలో ఎండను వారించు గొడుగును "పారాసోల్" అందురు. వానను వారించునది "పారాప్లూయీ". అటులనే పతనమును వారించునది "పారాషూట్". "షూట్" అనగా పాటు, పడుట. ఈ పేరు 1783 ప్రాంతమున లూయి సెబాస్టియన్ లెనోర్మాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కల్పించినది. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాము సీమలో, మెట్టకూరు మొదలగు చోట్ల, ఫ్రెంచి బడిలో నాలుగక్షరములు నేర్చిన వారికి ఈ వ్యుత్పత్తి క్రొత్తది కాదు. మాట సుపరిచితమే, ఆ మాట వెనుకనున్న విద్య మాత్రము మనలో పలువురకు దూరమైనది. దానిని సంగ్రహముగ వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

గొడుగుతో దిగుటయు, రెక్కలు తొడిగికొని ఎగురుటయు చూచువారికి కేవల సాహసకృత్యములుగ కనబడును. విచారించి చూచినచో ఈ విద్యకు మూలధనము సాహసము కాదు, ఎత్తు. ఎత్తున్నంతవరకే కాలము, కాలమున్నంతవరకే పొరపాటును దిద్దుకొను అవకాశము. ఇట వర్ణింపబడు సాధనములన్నియు ఆ ధనమును కాపాడుకొనుటకో, సక్రమముగ వెచ్చించుటకో ఏర్పడినవే.

పతనము, కాలము

గాలి అడ్డు లేనిచో పడుచున్న వస్తువు వేగము ప్రతి సెకనుకును సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుచునే పోవును. గాలి యున్నది కనుక ఆ పెరుగుదలకు హద్దు కలదు. కాళ్ళు చేతులు చాచి బోర్లగా పడు మనుష్యుడు మొదటి పది సెకనులలో సుమారు 300 మీటర్లు దిగును. అంతట అతని బరువు క్రిందికి లాగుటయు, గాలి మీదికి త్రోయుటయు సమమై, వేగము గంటకు 190–200 కిలోమీటర్ల వద్ద నిలుకడ పొందును. ఆపై ప్రతి 300 మీటర్లకును పట్టు కాలము ఐదారు సెకనులు మాత్రమే. 4000 మీటర్ల ఎత్తున విమానమును విడిచి, 1000 మీటర్ల ఎత్తున గొడుగు విప్పువానికి ఆ నడుమ లభించు కాలము సుమారు ఒక నిమిషము.

ఈ లెక్కను లక్ష్యపెట్టని వారికి కలిగిన ఫలితము చరిత్రలో నిలిచియున్నది. ఫ్రాంజ్ రైషెల్ట్ అను దర్జీ పారిస్ నగరమున గొడుగుగ విచ్చుకొను ఒక పొడుగు అంగీని కుట్టెను. 1912 ఫిబ్రవరి 4వ తేదీన ఈఫిల్ గోపురపు మొదటి అంతస్తునుండి బొమ్మను పడవేసి పరీక్షింతునని అనుమతి పొంది, తుదకు తానే దుమికెను. ఎత్తు 57 మీటర్లు. గాలి అడ్డును లెక్కింపనిచో ఆ పాటుకు పట్టు కాలము మూడున్నర సెకనులకు లోపు. అంగీ విచ్చుకొనలేదు, అతడు మరణించెను. యానామున ఈఫిల్ గోపురపు పోలికతో నిర్మింపబడిన గోపురము సుమారు 100 మీటర్ల ఎత్తు గలది. దాని శిఖరమునుండి పడు వస్తువు సైతము నాలుగున్నర సెకనులలో నేలను తాకును. ఎత్తు ఇంచుమించు రెండింతలైనను కాలము ఒక్క సెకను మాత్రమే హెచ్చుట గమనింపదగినది. గోపురము కంటికి ఎంత ఎత్తుగ తోచినను, గాలిగొడుగు దృష్టిలో అది చాల తక్కువ ఎత్తే.

గొడుగు పొందిన మార్పులు

లెనోర్మాన్ 1783 డిసెంబరులో మోంపెలియే పట్టణమందలి వేధశాల గోపురమునుండి దిగి చూపెను. నిప్పంటుకొనిన ఇండ్లనుండి జనులను కాపాడుట అతని ఆశయము. 1797 అక్టోబరు 22వ తేదీన ఆంద్రే జాక్ గార్నెరన్ అను మఱియొక ఫ్రెంచివాడు పారిస్ పైని బెలూనునుండి పట్టుగొడుగుతో దిగెను. గొడుగు గడియారపు లోలకమువలె అటునిటు ఊగుటచే అతడు మిక్కిలి అవస్థపడెను. లోపల చిక్కుకొనిన గాలి ఒకమారు ఈ అంచునుండి, ఒకమారు ఆ అంచునుండి తప్పించుకొని పోవుటయే ఆ ఊపునకు హేతువు. తరువాతి కాలమున గొడుగు నడినెత్తిన రంధ్రము విడుచుటచే గాలి పోవుటకు త్రోవ ఏర్పడి, ఊపు తగ్గినది.

1919 ఏప్రిల్ 28వ తేదీన అమెరికా దేశమున లెస్లీ ఇర్విన్ విమానమునుండి దుమికి, కొంతదూరము పడిన పిమ్మట తన చేతితోనే త్రాడు లాగి, వీపుననున్న గొడుగును విప్పుకొనెను. పడుచున్న మనుష్యుడు స్పృహ కోల్పోవునను పూర్వవిశ్వాసము దీనితో తొలగినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పట్టుబట్టకు మారుగ నైలాను వచ్చినది. 1960 దశాబ్దమున డామినా జాల్బర్ట్ కల్పించిన క్రొత్త ఆకృతి ఈ విద్యనే మార్చివేసినది. అది గుండ్రని గొడుగు కాదు. రెండు పొరల బట్టతో, నడుమ అరలతో కుట్టిన దీర్ఘచతురస్రాకారపు రెక్క. అరల ముందు నోళ్ళనుండి గాలి జొరబడి దానిని బిగువుగ నింపును. గుండ్రని గొడుగు గాలిని అడ్డగించి దింపును. ఈ రెక్క గాలిలో ముందుకు సాగుచు దింపును. అందుచే దిగువాడు దిక్కును ఎన్నుకొనగల్గెను.

నేటి సామగ్రి

నేడు క్రీడకొఱకు దుముకువాని వీపు సంచిలో ఒకటికి రెండు గొడుగులుండును. ఒకటి నిత్యము వాడునది, రెండవది ఆపద్గొడుగు. మొదటిదానిని దుముకువాడే మడచుకొనవచ్చును. రెండవదానిని అర్హతాపత్రము గల నిపుణుడు మాత్రమే మడువవలెను.

గొడుగు విచ్చుకొను క్రమ మిట్టిది. దుముకువాడు సంచి అడుగున కుడివైపుననున్న పిడిని పట్టి, ఒక చిన్న గొడుగును గాలిలోనికి విసరును. గాలి దానిని పట్టి లాగగా, దానికి కట్టిన పట్టీ సంచి మూతను విప్పి, పెద్దగొడుగు మడతను వెలికి తీయును. త్రాళ్ళు సాగిన పిమ్మట బట్ట విచ్చుకొనును. ఒక్కుమ్మడి విచ్చుకొనినచో ఆ కుదుపునకు ఎముకలు విరుగగలవు. అందుకై నాలుగు మూలల ఉంగరములు గల ఒక చిన్న చదరపు గుడ్డను త్రాళ్ళపై నుంతురు. అది మెల్లగా క్రిందికి జారుచు, బట్టను క్రమముగ విచ్చుకొననిచ్చును.

మొదటి గొడుగు చిక్కుపడినచో దానిని పూర్తిగ వదల్చుకొనిన పిమ్మటనే రెండవదానిని తెఱవవలెను. లేనియెడల రెండును పెనవేసికొనును. 1970 దశాబ్దమున బిల్ బూత్ కల్పించిన మూడు ఉంగరముల బంధము ఇందుకు తోడ్పడును. ఒకదానిలో నొకటి దూరిన ఉంగరములు భారమును అంచెలంచెలుగ తగ్గించుటచే, నిలువెత్తు మనిషి బరువును మోయుచున్న ముడి కొలది బలముతోనే విడిపోవును. కుడివైపు పిడి మొదట, ఎడమవైపు పిడి తరువాత: ఈ వరుస శిక్షణలో చేతికి అలవాటగునంతవరకు నేలపైననే అభ్యసింపజేయుదురు.

మనుష్యుడు ఏ కారణముచేతనైన చేయి కదల్పలేనిచో యంత్రము ఆ పని చేయును. 1991లో జర్మనీయందు హెల్ముట్ క్లోట్ రూపొందించిన సైప్రెస్ అను పరికరము గాలి ఒత్తిడినిబట్టి ఎత్తును, వేగమును లెక్కించుచుండును. సాధారణమగు అమరికలో, నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తున నున్నపుడును వేగము సెకనుకు 35 మీటర్లకు మించియున్నచో, ఆపద్గొడుగు సంచిని బంధించిన త్రాటిని కత్తిరించును. మణికట్టునకు ఎత్తును తెలుపు గడియారము, తలకు శిరస్త్రాణము ఉండును.

రెక్కల ఉడుపు

పక్షివలె ఎగురవలెనను కోరికతో పలువురు బట్టతోను, కఱ్ఱతోను రెక్కలు కట్టుకొనిరి. అమెరికా వాడగు క్లెమ్ సోన్ 1937 ఏప్రిల్ 25వ తేదీన పారిస్ చెంతనున్న వెన్సెన్ వద్ద వేలకొలది జనులు చూచుచుండగా తన రెక్కలతో ఎగిరెను. రెక్కలు పనిచేసినవి; కాని అటుపిమ్మట గొడుగులు రెండును విచ్చుకొనలేదు. ఫ్రెంచి వాడగు లియో వాలెంతాన్ నడుము విల్లువలె వంచి, కాళ్ళు చేతులు చాచి నిలుకడగ పడు భంగిమను ప్రచారమునకు తెచ్చినవాడు. నేటికిని శిక్షణలో మొదటి పాఠము అదియే. అతడు 1956 మే 21వ తేదీన ఇంగ్లండులోని లివర్‌పూల్ వద్ద కఱ్ఱరెక్కలతో విమానమునుండి వెలువడునపుడు రెక్క విమానమునకు తగిలి విరిగెను. గొడుగులు చిక్కుపడి అతడును మరణించెను.

నేటి రెక్కల ఉడుపునకు దారి చూపినవాడు పాట్రిక్ ద గయార్దోన్ అను ఫ్రెంచి వాడు. 1990 దశాబ్దమున అతడు కఱ్ఱను విడిచి, గొడుగురెక్కవలె గాలితో నిండు అరలు గల బట్టను, చేతులకును ప్రక్కలకును నడుమ రెండు రెక్కలుగను, కాళ్ళ నడుమ మూడవ రెక్కగను అమర్చెను. 1998 ఏప్రిల్‌లో హవాయి ద్వీపములలో, తన గొడుగు సామగ్రియందు తానే చేసికొనిన మార్పు కారణముగ అతడును ప్రాణము కోల్పోయెను. మరుసటి సంవత్సరము ఫిన్లండు వాడగు యారీ కుయోస్మా, క్రొయేషియా వాడగు రాబర్ట్ పెచ్నిక్ కలసి ఈ ఉడుపులను అమ్మకమునకు తెచ్చి, శిక్షణకు పద్ధతి నేర్పఱచిరి.

ఈ మువ్వురి మరణములలో ఒక సామ్యము కనబడుచున్నది. ఎగురుట ఎవరిని చంపలేదు. విమానమును విడుచుట, గొడుగును విప్పుట అను రెండు సంధికాలములయందే ప్రమాదము పొంచియున్నది.

ఉడుపు తొడిగిన మనుష్యుడు ఎగురుచున్నట్లు తోచినను నిజమునకు దిగుచునే యుండును. కాని ఏటవాలుగ దిగును. క్రిందికి గంటకు 60–80 కిలోమీటర్ల వేగముననే పడుచు, ఒక మీటరు దిగునంతలో రెండు, రెండున్నర మీటర్లు ముందుకు సాగును. ఒక నిమిషముగ నుండు కాలము రెండు, రెండున్నర నిమిషములగును. ఎత్తనెడు ధనమును అతడు పెంచుకొనలేదు, పొదుపుగ వెచ్చించినాడు.

దుముకు పద్ధతి

మెట్టకూరు పైని 4000 మీటర్ల ఎత్తున నొకడు రెక్కల ఉడుపుతో విమానమును విడిచెనని ఊహింతము. మొదటి క్షణములందు అతడు రెక్కలు ముడుచుకొనియే యుండవలెను. విమానపు తోకను దాటకమునుపు రెక్క చాచినచో గాలి అతనిని మీదికెత్తి తోకకు కొట్టగలదు. అటుపిమ్మట రెక్కలు చాచి, 1000 మీటర్ల ఎత్తునకు దిగువఱకు అతడు ఏడున్నర కిలోమీటర్లు పోగలడు. అనగా యానామునుండి కాకినాడకు గల దూరములో ఇంచుమించు నాల్గవ వంతు. తిరుగుడు పడినచో రెక్కలు ముడిచి, సామాన్య భంగిమకు వచ్చి, నిలుకడ పొందవలెను.

గొడుగు విప్పుట ఇచట మఱింత సున్నితము. వెడల్పగు ఉడుపు వెనుక గాలి సుడులు తిరుగుచుండును. చిన్నగొడుగు ఆ సుడిలో చిక్కినచో పెద్దగొడుగును లాగజాలదు. కావున దాని పట్టీని పొడవుగ నుంచెదరు. విసరునపుడు రెండు చేతులను ఒక్కమారే, సమముగ ముడువవలెను. లేనిచో దేహము ప్రక్కకు తిరిగి త్రాళ్ళు మెలిపడును. గొడుగు విచ్చుకొనిన వెంటనే చేతుల రెక్కలను విప్పుకొని పైనున్న పిడులను అందుకొనవలెను. ఇన్ని పనులకు కాలము కావలెను గనుక ఈ ఉడుపు తొడుగుటకు ముందు కనీసము 200 మారులు సామాన్యముగ దుమికియుండవలెనని అమెరికా పారాషూటు సంఘము నియమించినది.

దిగు చోటు విషయమున గోదావరి పాయల సీమ ఎవరికైనను పరీక్షయే. నీరు, చెట్లు, విద్యుత్తు తీగలు అను మూడును దుముకువానికి ముఖ్యశత్రువులు; గౌతమి యొడ్డున ఈ మూడును దగ్గఱ దగ్గఱనే యున్నవి. 1000 మీటర్ల ఎత్తున విచ్చుకొనిన గుండ్రని గొడుగు నేలకు చేరుటకు సుమారు మూడు నిమిషములు పట్టును. గంటకు 20 కిలోమీటర్ల గాలి ఆ లోపల దానిని ఒక కిలోమీటరు జరుపును. కొబ్బరితోటలో దిగవలసినవాడు నదిలో దిగుటకు ఆ మాత్రము చాలును. చెట్టుపై దిగినవాడును క్షేమమని తలపరాదు. 1892లో ఢాకా నగరమున జనెట్ వాన్ టాసెల్ అను అమెరికా వనిత బెలూనునుండి గొడుగుతో సురక్షితముగనే దిగి చెట్టున చిక్కుకొనెను. ఆమెను దించు ప్రయత్నమున క్రిందపడి, ఆ గాయములతో మరణించెను.

నేలకు మూడు నాలుగు మీటర్ల ఎత్తున రెక్కగొడుగు పిడులను రెండింటిని సమముగ క్రిందికి లాగినచో వేగము తగ్గి, మెట్టు దిగినట్లు దిగవచ్చును. గుండ్రని గొడుగుతో దిగునది ఒకటిన్నర మీటరు గోడనుండి దుమికిన దానితో సమానము. కాళ్ళు జోడించి, పాదములు, పిక్క, తొడ, పిరుదు, వీపు వరుసగ నేలకు తాకునట్లు దొర్లుటచే దెబ్బ ఒక్కచోట పడక అయిదుచోట్ల పంచుకొనబడును.

కొండకొమ్ములనుండి రెక్కల ఉడుపుతో దుముకు మఱియొక క్రీడ కలదు. అందు ఎత్తు తక్కువ. రెండవ గొడుగు విచ్చుకొనుటకు వ్యవధి యుండదు గనుక దానిని మోయుటయు లేదు. ఆ క్రీడ అధికమగు ప్రాణహాని గలదగుటకు ఇదియే ముఖ్యకారణము. 2012 మే నెలలో ఇంగ్లండున గారీ కానరీ అనునతడు గొడుగు విప్పకయే వేలకొలది అట్టపెట్టెల రాశిపై దిగెను. అది అపవాదమే గాని మార్గము కాదు. రెక్క మోయును, దింపవలసినది నేటికిని గొడుగే.

మన తీరమున

ఈ విద్య కేవలము క్రీడాకారుల సొత్తు కాదు. మన దేశమున పారాషూటు సైనికులకు శిక్షణ ఆగ్రాయందు జరుగుచున్నది. 1971 డిసెంబరు 11వ తేదీన టాంగైల్ వద్ద భారత సైనికులు గొడుగులతో దిగిరి. ఆంధ్రతీరముననే ఇంతకంటె పెద్ద పరీక్షలు జరిగినవి. గగన్‌యాన్ వ్యోమనౌక గదిని సముద్రమున దింపు ఏర్పాటులో పది గొడుగులున్నవి. మొదటి రెండు మూతను తొలగించును. తరువాతి రెండు వేగమును తగ్గించి ఊపును అణచును. మూడు చిన్న గొడుగులు మూడు మహాగొడుగులను వెలికిలాగును. ఆ మూడింటిలో రెండు విచ్చుకొనినను గది క్షేమముగ దిగును. 2023 అక్టోబరు 21వ తేదీన శ్రీహరికోటనుండి ఎగిరిన పరీక్షావాహనపు గది గొడుగులతో బంగాళాఖాతమున దిగెను. 2025 ఆగస్టు 24వ తేదీన హెలికాప్టరునుండి సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తున విడువబడిన 4.8 టన్నుల నమూనా గదియు అటులనే దిగినది.

వీపు సంచిలో రెండు గొడుగులు, వ్యోమనౌకలో పది. సూత్రము మాత్రము ఒక్కటే. ఒకటి విఫలమగునని ముందుగనే ఒప్పుకొని, రెండవదానికి కావలసిన ఎత్తును మిగిల్చియుంచుకొనుట. యౌవనమున నున్నవారు చలనచిత్రములలో ఈ రెక్కలను చూచి ముచ్చటపడుట సహజము. గుర్తింపుగల శిక్షణాలయమున, అర్హుడగు గురువు చెంత, నేలపై పాఠముతో ఆరంభించి నేర్చువారికి ఇది నేర్వదగిన విద్యయే. ఇంటి మేడనుండి, వంతెననుండి, గోపురమునుండి స్వయంకల్పితమగు గొడుగుతో ప్రయత్నించువారికి మాత్రము రైషెల్ట్ కథయే సమాధానము. అతని అంగీలోని బట్టకంటె అతని పాదములక్రింద నున్న ఎత్తు తక్కువయ్యెను.