ఇటుకల లెక్క సరే, బరువు సంగతి?

మా సంఘంలో ఒక పెద్ద ఉన్నారు. ఓ ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తారు. ఇరవై ఏళ్లుగా ఆదివారం ఆరాధనకు అందరికన్నా ముందొచ్చి చాపలు పరిచేది ఆయనే. ‘ఎట్లున్నరు బ్రదర్?’ అని ఎప్పుడడిగినా ‘దేవుని కృప అయ్యగారూ’ అన్న ఒక్కమాటే జవాబు. ఆ మాట విని, తృప్తిగా తలూపి, ప్రసంగ వేదిక వైపు నడిచేవాణ్ని.

కిందటేడాది ఉద్యోగస్థుల కూడికలో అందరికీ ఒక ప్రశ్నపత్రం పంచాం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త షెల్డన్ కోహెన్ మరో ఇద్దరితో కలిసి 1983లో తయారు చేసింది అది. ఉద్యోగాలకే పరిమితమైనది కాకపోయినా ఉద్యోగుల మీద జరిగే పరిశోధనల్లో దాన్ని విరివిగా వాడతారు. మొదట 14 ప్రశ్నలుండేవి, తర్వాత 10కి కుదించారు. గడిచిన నెల రోజుల్లో పనులు చేయి దాటిపోతున్నట్టు ఎన్నిసార్లు అనిపించింది, ఎన్నిసార్లు మనసు కుదురు తప్పింది అని అడుగుతుంది. ‘ఎప్పుడూ లేదు’ అంటే 0, ‘చాలా తరచుగా’ అంటే 4. మొత్తం 40. జబ్బు ఉందో లేదో తేల్చే పరీక్ష కాదది. నీ బతుకులో జరిగేది నీకెలా అనిపిస్తోందని మాత్రమే అడుగుతుంది.

దాన్ని తెలుగులోకి తేవడం దగ్గరే మొదటి తిప్పలు వచ్చింది. ‘ఒత్తిడి’ అని రాశాను. ఆస్పత్రిలో నర్సుగా చేసే సోదరి ఒకామె చదివి, ‘ఒత్తిడంటే ఏంది అయ్యగారూ, బీపీనా?’ అంది. నిజమే, అది పత్రికల మాట. మా పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఎవరూ ‘నాకు ఒత్తిడిగా ఉంది’ అనరు. ‘టెన్షన్’ అంటారు, ‘పరేషాన్’ అంటారు, ‘నిద్ర పడ్తలేదు’ అంటారు. కొందరైతే ఏమీ అనరు, గుండె దడ అని డాక్టరు దగ్గరికి వెళ్తారు. ప్రశ్నలన్నీ మళ్లీ వాళ్ల మాటల్లో రాయాల్సి వచ్చింది.

మా పెద్దగారు రెండు నిమిషాల్లో కాగితం నింపి ఇచ్చేశారు. పదింటికీ సున్నాలే!

ఇక్కడొక తమాషా ఉంది. ఆ పదిలో నాలుగు ప్రశ్నలు తిరగేసి అడిగేవి. నీ సమస్యల్ని నువ్వు చక్కబెట్టుకోగలవన్న ధైర్యం ఎన్నిసార్లు కలిగింది వంటివి. ‘ఎప్పుడూ లేదు’ అని వీటికి రాస్తే అది నెమ్మదికి గుర్తు కాదు, బరువుకు గుర్తు. అందుకని ఈ నాలుగింటికీ అంకెలు తిప్పి లెక్కేస్తారు. సున్నా నాలుగవుతుంది. అంటే పదింటికీ సున్నాలు పెట్టిన మనిషికి వచ్చేది సున్నా కాదు, 16! నిజంగా ఏ చింతా లేనివాడు ఆ నాలుగింటికీ ‘చాలా తరచుగా’ అని రాసుండాలి. చదవకుండా పెట్టారా, లేక చదవాలంటే భయపడ్డారా?

వారం తిరక్కుండానే రాత్రిపూట ఇంటికొచ్చారు. ‘ఆ కాయితం ఇంకోటుందా అయ్యగారూ? మొన్న అబద్ధం రాసిన’ అన్నారు. కూర్చోబెట్టి నీళ్లిచ్చాక మెల్లగా చెప్పారు. యజమాని రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తాడు. తన చేతిలో లేని లెక్కలకు తనను జవాబుదారీ చేస్తాడు. ఫోన్ మోగితే చాలు ఒళ్లంతా చెమట పడుతుంది. ‘మరి అలా ఎందుకు రాశారు?’ అన్నాను. ‘మీరే చెప్పిన్రు గద, చింతపడేటోడు దేవుణ్ని నమ్మనట్టేనని. నేను సంఘపెద్దనైతి, ఎట్ల రాయాలె?’ అన్నారు.

ఆ ప్రసంగం నాకు గుర్తుంది. బాగా కుదిరిందని ఆ రోజు సంతోషపడ్డాను కూడా.

ఆయన వెళ్లాక నిర్గమకాండం తెరిచాను. సెమినరీలో హెబ్రీ నేర్చుకున్నప్పుడు దాటిపోయిన ఓ సంగతి ఆ రాత్రి పట్టుబడింది. 5వ అధ్యాయంలో ఫరో గడ్డి ఇవ్వడం మానేస్తాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదంటాడు. ఆ లెక్కకు అక్కడ వాడిన హెబ్రీ మాట ‘మత్కోనెత్’, అంటే కొలిచి నిర్ణయించిన పరిమాణం. అదే కథలో ఇంకో మాట ఉంది, ‘సివ్లోత్’, అంటే భారాలు. ఫరో కూడా ఈ మాట వాడతాడు, కానీ మీ భారాల దగ్గరికి మీరు పొండని తరమడానికే. 2వ అధ్యాయంలో మోషే బయటికెళ్లి చూసింది ఆ భారాలనే. 6వ అధ్యాయంలో దేవుడు తన ప్రజల్ని దేని కిందినుంచి తప్పిస్తానన్నాడో అదీ ఆ మాటే. ఇటుకలకు లెక్కపుస్తకం ఉంది. భారానికి లేదు, ఎవరో ఒకరు వెళ్లి చూడాల్సిందే.

పాలమూరు వాళ్లకు ఈ అధ్యాయం చదివి వినిపిస్తే వ్యాఖ్యానం అక్కర్లేదు. తాతల కాలంలో నాగార్జునసాగర్ మొదలు దేశంలోని ఎన్నో ఆనకట్టల మీద మట్టిమోసిన జనం వీళ్లు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలివిడత జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. అక్కడా తవ్విన గుంతకు టేపు పెట్టి కొలిచాకే కూలి. ఇక ఫరో కొట్టించింది ఎవరిని? ఇటుకలు చేసేవాళ్ల మీద పెట్టిన ఇశ్రాయేలు నాయకుల్ని! పైవాడి లెక్కకూ కిందివాడి అలసటకూ మధ్య నలిగేవాళ్లు వాళ్లు. మన గుంపు మేస్త్రీ, సూపర్‌వైజరు, బ్రాంచి మేనేజరు అందరూ ఆ వరసలోని వాళ్లే.

మనిషి మోసే బరువును అంకెల్లో పెట్టాలన్న ప్రయత్నం కోహెన్‌తో మొదలైంది కాదు. 1967లో హోమ్స్, రాహె అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 43 సంఘటనలతో ఒక పట్టిక చేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్లికి 50, ఉద్యోగం ఊడితే 47, పైఅధికారితో గొడవకు 23. క్రిస్మస్‌కు కూడా 12 వేశారు! (డిసెంబరు నెలలో ఏ పాస్టరును అడిగినా అది తక్కువేనంటాడు.) 1984లో చండీగఢ్‌లో గుర్మీత్ సింగ్ బృందం మన దేశానికి తగ్గట్టు 51 సంఘటనల పట్టిక చేసింది. అందులో కూతురి పెళ్లి, చెల్లెలి పెళ్లి కూడా ఉన్నాయి. ఈ పట్టికల్లో ఉన్న లోటేమిటంటే, ఒక్కో సంఘటనకు అందరికీ ఒకటే అంకె. అదే పైఅధికారి మాట ఒకరికి చెవిపక్క గాలిలా పోతుంది, మరొకరికి మూడు రాత్రుల నిద్ర చెడగొడుతుంది. కోహెన్ పత్రం ఈ తేడాను మనిషినే అడిగి తెలుసుకుంటుంది.

ఉద్యోగాల కోసమే చేసిన కొలమానం మన దేశంలోనూ ఉంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.కె. శ్రీవాస్తవ, ఎ.పి. సింగ్ 1981లో తయారు చేశారు. 46 వాక్యాలు, 12 అంశాలు. పనిభారం ఒక్కటే కాదు, తన బాధ్యత ఏమిటో స్పష్టంగా తెలియకపోవడం, ఇద్దరు అధికారులు రెండు రకాలుగా చెప్పడం, మాటకు విలువలేకపోవడం, చివరికి రాజకీయ ఒత్తిళ్లు కూడా అందులో ఉన్నాయి. మన ఊళ్లను చూసే రాశారా అనిపిస్తుంది.

ఆ 12 అంశాలూ చదువుతుంటే నాకు మన జూనియర్ పంచాయతీ కార్యదర్శులు గుర్తొచ్చారు. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక 9,355 పోస్టులకు ప్రకటన ఇచ్చి, 2019లో నియమించారు. ఊరి పారిశుధ్యం, నర్సరీ, పన్ను వసూళ్లు అన్నీ వాళ్ల మెడకే. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. రోజూ పొద్దున్నే ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ లేని తండాలో ఆ పని ఎలా ఉంటుందో ఊహించండి. రెగ్యులరైజ్ చేయాలంటూ 2023 ఏప్రిల్ 28న రాష్ట్రమంతటా సమ్మెకు దిగి, మే 13న విరమించారు. ఆ తర్వాత వాళ్ల పనితీరుకు మార్కులు వేయడానికి జిల్లాస్థాయిలో కమిటీలు వేశారు. పనిని కొలవడం తప్పని నేననను, అది ప్రజల సొమ్ము. కానీ ఆ మార్కుల కాగితం పక్కన, ‘ఈ పని నీకెలా ఉంది?’ అని అడిగే రెండో కాగితం కూడా పెడితే ఎంత బాగుండేది!

పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లకే టెన్షన్ ఎక్కువని మనం అనుకుంటాం. 1985లో బ్రిటన్ ప్రభుత్వోద్యోగులు పదివేలకు పైగా మందితో మొదలైన ‘వైట్‌హాల్’ అధ్యయనం ఆ నమ్మకాన్ని తిరగేసింది. తమ పని మీద తమకు పట్టులేని ఉద్యోగుల్లో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. కింది మెట్టు ఉద్యోగాల్లో ఆ పట్టే తక్కువ. రాబర్ట్ కరసెక్ అనే పరిశోధకుడు 1979లోనే ఈ మాట చెప్పాడు. పని ఎక్కువ కావడం ఒక్కటే కాదు, ఎక్కువ పనీ తక్కువ స్వేచ్ఛా కలిసినచోటే మనిషి కుంగుతాడని. మా పెద్దగారి ఉద్యోగం సరిగ్గా అదే. లెక్క ఆయనది, నిర్ణయం ఇంకొకరిది.

కొలవడంలోనూ మోసాలున్నాయి. యజమాని చేతికే పేర్లతో సహా వెళ్లే కాగితం మీద ఎవరూ నిజం రాయరు. కొన్నిచోట్ల సర్వే చేసి, టెన్షన్ ఎక్కువుందని తేలాక, పని తగ్గించకుండా ధ్యానం క్లాసు పెడతారు. గడ్డి ఇవ్వకుండా ఊపిరి పీల్చడం నేర్పినట్టు!

సంఖ్యాకాండం 11లో మోషే ఇంత జనాన్ని ఒక్కణ్నే మోయలేను, దీనికంటే నన్ను చంపేయమని దేవునితో అంటాడు. నేను నా ప్రసంగంలో చెప్పిన లెక్క ప్రకారమైతే అది అవిశ్వాసమే. దేవుడు మాత్రం ఆ మాటకు మోషేను గద్దించలేదు. డెబ్బైమంది పెద్దల్ని పోగుచేయమని, భారం వాళ్లూ పంచుకుంటారని చెప్పాడు. ఆ ప్రసంగాన్ని వెనక్కి తీసుకుంటున్నానని మరుసటి ఆదివారం సంఘం ముందు చెప్పాను. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలిమానస్ ఉచిత నంబరు 14416ను చర్చి నోటీసు బోర్డు మీద రాయించాను. తెలుగులోనూ మాట్లాడతారు.

మా పెద్దగారు ఆ రాత్రి రెండో కాగితం నింపడానికి ముప్పావుగంట పట్టింది. ఎంత వచ్చిందో ఇక్కడ రాయను, అది ఆయన సొంతం. కాగితం మడిచి జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగారు. ‘ఒకటడగాల్నా అయ్యగారూ? ఆదివారం పొద్దుగాల ఆ చాపలు ఇంకెవరన్నా పరుస్తరా? నాకు ఆ గంట పండుకోవాలనుంది.’

ఇరవై ఏళ్లలో ఆ సంగతి నేను ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు యూత్ పిల్లలు నలుగురు వంతులేసుకున్నారు. మొదటివారం చాపలు వంకరగా పరిచారు.