మీకు తెలుసా? పెరుగన్నంతో పిల్లి కడుపు నిండినా గుండెకు బలం చాలదు

పిల్లి సహజంగా మాంసాహారంపైనే ఆధారపడే జంతువు కనుక, గుండె కండరానికీ, కంటి వెనుక కాంతిని గ్రహించే రెటీనా పొరకూ అత్యవసరమైన టారిన్ అనే అమైనో ఆమ్లాన్ని తన శరీరంలో చాలినంత తయారు చేసుకోలేక ఆహారం నుంచే పొందవలసి ఉంటుంది. మాంసంలో, చేపల్లో సమృద్ధిగా ఉండే ఈ పదార్థం బియ్యంలోనూ పప్పులోనూ దాదాపు ఉండదు. అందువల్ల శాకాహారుల ఇళ్లలో ఎంతో ప్రేమతో పెట్టే పెరుగన్నం, పప్పన్నం మాత్రమే తింటూ పెరిగే పిల్లికి నెలల తరబడి బయటపడని లోపం లోలోపల ముదురుతుంది. గుండె గదులు సాగి, కండరం బలహీనపడే వ్యాధికి టారిన్ లోపం కారణం కాగలదనీ, దాన్ని అందిస్తే గుండె కోలుకోగలదనీ 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో పాల్ పియన్ బృందం నిరూపించిన తరువాత, తయారీదారులు పిల్లుల ఆహారంలో టారిన్ మోతాదును పెంచారు. అయితే నశించిన రెటీనా కణాలు మాత్రం తిరిగి రావు.

ఇంట్లో మాంసం ఉడికించినప్పుడు టారిన్ చాలావరకు నీటిలోకి దిగిపోతుంది కనుక ఆ నీటిని పారబోయకుండా ముక్కలతోపాటే పెట్టడం మంచిది. కానీ ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి, అవి కలిసిన కూరను మాత్రం కొంచెమైనా పెట్టకూడదు.