పంటనష్టమును 72 గంటలలో తెలుపుట: అందులకు బ్రౌజరును సిద్ధపఱచుకొను విధము

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు ప్రాంతముల రైతులకు ఈశాన్య ఋతుపవనమును గూర్చి ఒకరు చెప్పవలసినది లేదు. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఒక కన్ను సముద్రము మీద నుంచియే మనము సేద్యము చేయుచుందుము. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడువద్ద రైలుమార్గమును కోసివేసిన సంగతియు, 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల చెంత తీరము దాటిన మిచౌంగ్ తుపాను దారిలో మన జిల్లాను ముంచిపోయిన సంగతియు ఎవరును మఱవలేదు. అట్టి దినములలో చేలలోని నీరు దిగుటకు ముందే ఒక గడియారము నడువ నారంభించును. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ననుసరించి పొలమునకు కలిగిన నష్టమును రైతు 72 గంటలలో, అనగా మూడు పగళ్లు మూడు రాత్రుల లోపల, తెలియజేయవలెను. గడువు దాటినచో, ప్రీమియము కట్టిన రైతు సయితము తన హక్కును పోగొట్టుకొనును.

ఏ నష్టమును తెలుపవలెనో ముందు తెలిసికొనుడు. బీమా పరిహారము రెండు త్రోవల వచ్చును. గ్రామమంతటను దిగుబడి పడిపోయినప్పుడు పంటకోత ప్రయోగములను బట్టి లెక్క కట్టుదురు. అందులకు రైతు విడిగా తెలుపుకొన నక్కఱలేదు. రెండవది ఒక్కొక్క పొలమునకు విడిగా కలిగిన నష్టము. వడగండ్లు, ముంపు, కుంభవృష్టి, పిడుగువలని అగ్ని మొదలగునవి యిందులోనివి. కోసి పొలముననే పఱచిన పంటయు, చిన్న కట్టలుగా నారవేసిన పంటయు కోసిన 14 దినములలోపల తుపానువలననో అకాల వర్షమువలననో చెడినయెడల అదియు నీ తెగలోనిదే. ఈ రెండవ తెగకే 72 గంటల నియమము. ఇసుకనేలల వేరుసెనగ రైతు కాయ పెఱికి చేననే యారబెట్టునుగదా, అతడు దీనిని మఱింత శ్రద్ధతో చదువవలెను. యంత్రముతో కోయించి ధాన్యమును రోడ్డుమీద నారబోయువారు మాత్రము నియమము పొలమున పఱచిన పంటను గూర్చియే చెప్పుచున్నదని గమనింతురు గాక.

వరిని గూర్చి ఒక మాట. వరివంటి నీటిపంటలకు ముంపునష్టమును 2018లో ఈ తెగనుండి తొలగించిరి. డెల్టా రైతునకు ముంపే ప్రధాన శత్రువై యుండగా దానినే తీసివేయుట న్యాయముగా తోచలేదు. 2026 ఖరీఫు నుండి దానిని మరల చేర్చుచున్నట్లు కేంద్ర ప్రభుత్వము 2025 నవంబరులో ప్రకటించినది. మీ మండలమునకు, ఆ కాలమునకు ఏయే పంటలు, ఏయే నష్టములు ప్రకటింపబడినవో రైతు సేవా కేంద్రమున అడిగి తెలిసికొనుడు. ఈ-పంట నమోదులో మీ పేరు, సర్వే సంఖ్య, పైరు సరిగా నున్నవో లేవో యప్పుడే చూచుకొనుడు. కౌలురైతులైనచో 2019 నాటి చట్టము ననుసరించి యిచ్చు పంట సాగుదారు హక్కుల పత్రము 11 నెలలకే చెల్లునని జ్ఞప్తియందుంచుకొనవలెను.

నష్టమును తెలుపుటకు త్రోవలు పెక్కు గలవు. 14447 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. రైతు సేవా కేంద్రమునకు గాని, వ్యవసాయాధికారికి గాని, మీ బ్యాంకునకు గాని పోవచ్చును. క్రాప్ ఇన్సూరెన్స్ అను యాపును ఫోనులో పెట్టుకొనవచ్చును. బీమా పథకపు వెబ్‌సైటును బ్రౌజరులో తెఱవవచ్చును. ‘ఫోను చేసిన చాలునుగదా, బ్రౌజరు గొడవ మాకెందుకయ్యా?’ అని పెద్దలడుగుదురు. ఫోను మంచిదే. కాని తుపాను వెలిసిన మఱునాడు జిల్లా జిల్లాయంతయు ఒక్క సంఖ్యకే పిలుచును. కొత్త యాపును దింపుకొనుటకు ఆనాడు సిగ్నలును చాలదు, పాతఫోనులో చోటును చాలదు. బ్రౌజరు అన్ని ఫోనులలోను ముందే యున్నది. సంఘ కార్యాలయపు కంప్యూటరులోను ఉన్నది. దానిని ముందుగా చక్కజేసి యుంచుకొన్నవాడు ఒక త్రోవ మూసికొన్నను రెండవ త్రోవన పోగలడు.

బ్రౌజరనగా నేమి? ఎక్కడనో యున్న కాగితమును తెచ్చి మన ఫోను తెఱపై చూపి, మనము వ్రాసినదానిని తిరిగి అక్కడికి చేర్చు పనిముట్టు. 1990లో బెర్నర్స్‌లీ యను శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున దీనిని మొదట నిర్మించెను. మనవారి ఫోనులలో సామాన్యముగా నుండునది క్రోము. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ వలయము నడుమ నీలపు చుక్క దాని గుర్తు. దానిని వర్షములకు ముందు, సెప్టెంబరులోనే, తీరికగా కూర్చుండి సరిచేసికొనవలెను. గట్టు తెగినపిదప మట్టి వెదకువాడు లేడుగదా.

మొట్టమొదట ప్లే స్టోరులో క్రోమును క్రొత్తది చేసికొనుడు. పాత బ్రౌజరులో కొన్ని పుటలు తెఱచుకొనవు, లేక సగము తెఱచుకొని బొత్తాములు పనిచేయక యుండును. పిమ్మట ఫోనులోని తేదీయు గంటయు సరిచూడుడు. ఇది అల్పముగా తోచును గాని మిక్కిలి ముఖ్యము. తేదీ తప్పియున్నచో ప్రభుత్వపు పుటను సయితము ‘ఇది క్షేమము కాదు’ అని బ్రౌజరు ఆపివేయును. కరెంటు లేక చాలకాలము ఆఱిపోయిన పాతఫోనులలో తేదీ వెనుకకు పోవుట కలదు. సెట్టింగులలో తేదీని నెట్‌వర్కునుండి తనంత తానే తీసికొనునట్లు అమర్చినచో ఈ బాధ యుండదు.

చిరునామాను మీరే వ్రాయుడు. పి.ఎం.ఎఫ్.బి.వై., చుక్క, గవ్, చుక్క, ఇన్, ఇంతియే. ఇంగ్లీషు చిన్న అక్షరములతో నడుమ ఖాళీ లేక వ్రాయవలెను. పుట తెఱచుకొన్నపిదప దానిని బుక్‌మార్కు చేసికొన్నచో మరల వ్రాయ నక్కఱలేదు. వాట్సాపులో నెవరో పంపిన లింకును నొక్కి బీమా పుటకు పోరాదు. ‘తాళపు గుర్తున్నది కావున మంచిదే’ యని కొందఱనుకొందురు. త్రోవలో నెవరును చదువకుండ అక్షరములు మూటగట్టబడినవని మాత్రమే ఆ తాళమునకు అర్థము. ఆవలి కొసనున్నవాడు దొంగయో దొరయో అది చెప్పదు. అందుకనియే 2023 సెప్టెంబరునుండి క్రోములో ఆ తాళమునకు బదులు రెండు గీతల గుర్తు నుంచిరి. చూడవలసినది చిరునామా కొస. అచ్చట గవ్, చుక్క, ఇన్ అని ముగిసినదా లేదా? అది లేనిచో వెనుకకు రండు.

చిరునామాకు ఎడమనున్న ఆ గుర్తును నొక్కినచో ఆ సైటునకు మన మిచ్చిన అనుమతులు కనబడును. ఫోటో పంపుటకు కెమెరా, పొలము ఏచోట నున్నదో తెలుపుటకు లొకేషను కావలసి రావచ్చును. మొదటిసారి అడిగినప్పుడు భయపడి ‘వలదు’ అని నొక్కినవారిని బ్రౌజరు మరల అడుగదు. పని యెందుకు ముందునకు సాగదో రైతునకు తెలియదు. ఇచ్చటికి వచ్చి ఆ సైటునకు మాత్రము అనుమతి యీయవలెను. ఫోనులోని లొకేషనే ఆఱిపోయియున్నచో బ్రౌజరులో ఎంత అనుమతించినను ఫలము లేదు.

పాపప్పు అను చిన్న కిటికీల సంగతియు నిట్టిదే. వ్యాపార ప్రకటనలు మీద పడకుండ బ్రౌజరు వానిని ఆపుచుండును. మంచి యేర్పాటే. కాని రసీదును వేఱు కిటికీలో తెఱచు సైట్లు గలవు. అక్కడ బ్రౌజరు ఆపివేసినచో అర్జీ పోయినను రసీదు కనబడదు. మీభూమిలో అడంగలు చూచుకొనునప్పుడు ‘నొక్కితిని, ఏమియు రాలేదు’ అని వచ్చినవారి ఫోనులను నేను చూచితిని. పలుమాఱు కారణ మిదియే. సెట్టింగులలో సైట్ సెట్టింగులు అనుచోట పాపప్పులను ఆ ప్రభుత్వపు సైటునకు మాత్రము అనుమతించి, తక్కినవానికి మూసియే యుంచుడు. పుట పాతదిగానే కనబడుచు కదలనిచో హిస్టరీలోనికి పోయి క్యాషె యను పాత నిలువను తుడిచివేయవలెను. దానివలన మీ ఫోటోలు గాని ఫోను సంఖ్యలు గాని పోవు.

పుటను తెలుగులోనికి మార్చి చూపుమని క్రోమును అడుగవచ్చును. చదువుకొనుటకు అది యుపకారమే. అయితే ఊరిపేరును, కంపెనీ పేరును గూడ అనువదించి వింతలు చేయును గనుక, అర్జీ నింపునప్పుడు మూలమునకు మరలుట మేలు.

నష్టము కలిగిన దినమున చేయవలసిన పని యింక చిన్నదే. పొలమునకు పోయి గట్టో, కాలువో, బోరు గుడిసెయో కనబడునట్లు నాలుగు ఫోటోలు తీయుడు. ఏ పొలమో తెలియని నీటి ఫోటో యెవరికిని పనికిరాదు. బీమా అర్జీ సంఖ్య, సర్వే సంఖ్య, బ్యాంకు పుస్తకము, బీమాలో వ్రాయించిన సంఖ్యగల ఫోను దగ్గఱ నుంచుకొని కూర్చుండుడు. పుటను తెఱచి కాగితములకై ఇంటిలోనికి పోయినచో ఈలోగా గడువు తీరి అది మిమ్ము బయటికి పంపును. నష్టము జరిగిన తేదీని జాగ్రత్తగా వ్రాయుడు, 72 గంటల లెక్క దానినుండియే. పంపు బొత్తామును ఒక్కసారి నొక్కి వేచియుండుడు. సిగ్నలు మందముగా నున్నచో మరల మరల నొక్కుటయు, పుటను త్రిప్పి తెచ్చుటయు కూడదు.

కంప్యూటరు లేనివారు సంఘమునకు రావచ్చును. ప్రాథమిక సహకార పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్రము 2022 జూనులో ఆమోదించినది. ఆ యంత్రము అప్పుల లెక్కలకే కాక, తుపాను తరువాతి మూడు దినములు సభ్యుల అర్జీలకు విడిచియుంచుట పాలకవర్గములు చేయదగిన పని. ఆ మూడు దినములు దానివద్ద ఎవరు కూర్చుండవలెనో సెప్టెంబరులోనే నిర్ణయించినచో మఱియు మేలు. పరుల యంత్రమున, ముఖ్యముగా నెట్ సెంటరులో, ఇన్‌కాగ్నిటో యను రహస్యపు కిటికీని తెఱచి పనిచేయుడు. రహస్యపదము దాచవలెనా యని అడిగినప్పుడు వలదనుడు. లాగౌట్ చేసి కిటికీ మూసినపిదపనే లేవుడు. ఓటీపీని మీరే వ్రాయుడు. ‘బీమా కార్యాలయమునుండి మాటాడుచున్నాము, ఓటీపీ చెప్పుడు’ అనువానికి జవాబు ఫోను పెట్టివేయుటయే.

పంపిన వెంటనే వచ్చు డాకెట్ సంఖ్యను తెఱనుండి ఫోటోగా తీసికొని, ఇంటి లెక్కల పుస్తకమున సిరాతో గూడ వ్రాసికొనుడు. ఫోను నీట పడవచ్చును. నియమముల ప్రకారము మీరు తెలిపిన 48 గంటలలో కంపెనీ నష్టము నంచనా వేయువానిని నియమింపవలెను. అతడు 10 దినములలో పని ముగింపవలెను. అతడు వచ్చినప్పుడు మీరు గాని మీ యింటివారు గాని పొలముననుండి, అతడు వ్రాసిన విస్తీర్ణమును నష్టపు పాలును చదివించుకొనినగాని సంతకము పెట్టకుడు. పది దినములు గడచినను ఎవరును రానియెడల అదే డాకెట్ సంఖ్యను చెప్పి 14447కు మరల పిలిచి, ఫిర్యాదు వ్రాయించి, ఆ ఫిర్యాదు సంఖ్యను మొదటిదాని క్రిందనే వ్రాసికొనుడు.