బాకీ పుస్తకము లెన్ని? - డేటాబేసు ఫారములో సంబంధిత రికార్డుల లెక్కింపు

పదవ తరగతి ముగిసిన పిమ్మట విద్యార్థి బదిలీ పత్రమునకు దరఖాస్తు పెట్టుకొనును. పత్రము ఇచ్చుటకు ముందు ప్రధానోపాధ్యాయుడు గ్రంథాలయమునుండి ఒక్క సంగతి తెలిసికొనగోరును: ఈ విద్యార్థివద్ద పాఠశాల పుస్తకములు ఎన్ని మిగిలియున్నవి? సమాధానము ఒక చిన్న సంఖ్య. కాని ఆ సంఖ్య తప్పైనచో, పుస్తకము లన్నియు తిరిగి ఇచ్చిన బాలుడు బాకీదారుగ నిలబడవలసివచ్చును. లేదా పుస్తకములు ఇంటనుంచుకొనిన బాలుడు ఏ బాకీయు లేనివాడుగ వెడలిపోవును. అరువు లెక్కలు కంప్యూటరులో నున్నచోట, ఈ సంఖ్యను తెరమీది ఫారములో విద్యార్థి పేరు ప్రక్కనే కనబడునట్లు చేయవచ్చును. ఆ సంఖ్య ఎట్లు వచ్చును? దానిని ఎప్పుడు నమ్మవచ్చును, ఎప్పుడు నమ్మరాదు?

పట్టికలు రెండెందులకు?

చేతితో వ్రాయు అరువు పుస్తకములో ప్రతి పంక్తియందును విద్యార్థి పేరు, తరగతి, పుస్తకము పేరు, తేదీ వ్రాయుదురు. ఒక విద్యార్థి ఏడాదిలో ఇరువది పుస్తకములు తీసికొనినచో అతని పేరు ఇరువది మారులు వ్రాయవలసియుండును. ఒకచోట "రాముడు" అనియు, మరియొకచోట "కె. రాముడు" అనియు వ్రాసినచో, చదివెడి మనుష్యునకు ఇద్దరును ఒకరే యని తోచును, యంత్రమునకు అట్లు తోచదు. లెక్క అక్కడనే చెడును.

దీనికి మార్గమును ఎడ్గర్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు 1970లో చూపెను. ఇంగ్లండులో జన్మించిన ఈయన అమెరికాలో ఐ.బి.యం. సంస్థయందు పనిచేసెను. విషయములను పట్టికలుగ అమర్చవలెననియు, ఒక పట్టికలోని పంక్తికి మరియొక పట్టికలోని పంక్తితో గల సంబంధమును రెండింటియందును ఉన్న సమానమైన విలువయే తెలుపవలెననియు ఆయన ప్రతిపాదించెను. ఈ కృషికి ఆయనకు 1981లో ట్యూరింగ్ బహుమానము లభించినది. 1992లో వెలువడిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్, ఆ తరువాత వచ్చిన లిబ్రెఆఫీస్ బేస్ మొదలగునవి ఈ సూత్రముమీదనే నడచును.

గ్రంథాలయమునకు ఈ సూత్రమును అన్వయించినచో రెండు పట్టికలు ఏర్పడును. మొదటిది "సభ్యులు" అను పట్టిక. ఇందు ప్రతి విద్యార్థికిని ఒకే పంక్తి, ఆ పంక్తికి ఒక సభ్యసంఖ్య ఉండును. రెండవది "అరువులు" అను పట్టిక. ఇందు ఒక్కొక్క అరువునకు ఒక్కొక్క పంక్తి ఉండును. దానిలో విద్యార్థి పేరు ఉండదు, సభ్యసంఖ్య మాత్రమే ఉండును. పట్టికలోని పంక్తిని రికార్డు అందురు. ఒక సభ్యసంఖ్య గల అరువు రికార్డులన్నియు ఆ సభ్యుని సంబంధిత రికార్డులు.

వివరణకు ముగ్గురు సభ్యులు గల చిన్న గ్రంథాలయమును ఊహింపవచ్చును. 1 రాముడు, 2 సీత, 3 గోపాలుడు. అరువులు ఐదు:

101వ అరువు: సభ్యసంఖ్య 1, ఇచ్చిన తేదీ జూన్ 15, తిరిగి వచ్చిన తేదీ జూన్ 29.
102వ అరువు: సభ్యసంఖ్య 1, ఇచ్చిన తేదీ జూన్ 29, తిరిగి వచ్చిన తేదీ లేదు.
103వ అరువు: సభ్యసంఖ్య 2; ఇచ్చిన తేదీ జూన్ 30; తిరిగి వచ్చిన తేదీ లేదు.
104వ అరువు: సభ్యసంఖ్య 2, ఇచ్చిన తేదీ జులై 3, తిరిగి వచ్చిన తేదీ లేదు.
105వ అరువు: సభ్యసంఖ్య 1; ఇచ్చిన తేదీ జులై 10; తిరిగి వచ్చిన తేదీ లేదు.

రాముని అరువులు మూడు, సీతవి రెండు, గోపాలుడు ఏమియు తీసికొనలేదు. ఇక్కడ చేతివ్రేళ్లమీద లెక్కింపవచ్చును. సభ్యులు ఐదువందలు, అరువులు పదివేలు ఐనప్పుడు కూడ న్యాయము ఇదియే.

ఫారము, ఉపఫారము

పట్టికలోని ఒక్కొక్క రికార్డును విడిగ, చదువుటకు వీలుగ తెరపై చూపునది ఫారము. "సభ్యులు" ఫారములో రాముని పేరు, తరగతి కనబడును. దానిలోపలనే మరియొక చిన్న ఫారమును ఇమిడ్చి, అతని అరువులను మాత్రము వరుసగ చూపవచ్చును. దీనిని ఉపఫారము అందురు. రెండింటిని కలుపు ముడి సభ్యసంఖ్యయే. పై ఫారములో రాముని వదలి సీతవద్దకు జరిగినచో, ఉపఫారములో సీత అరువులు వచ్చును.

ఈ అరువుల సంఖ్యను తెలిసికొనుటకు మూడు మార్గములు కలవు.

మొదటిది, ఉపఫారము అడుగుభాగమున ఒక గడి పెట్టి, అందులో కౌంట్(*) అను సూత్రము వ్రాయుట. ఆ గడి ఉపఫారములో నున్న పంక్తులను లెక్కించును; పై ఫారములోని మరియొక గడి ఆ సంఖ్యను తెచ్చి చూపును. ఇది సులభము. కాని ఇది ఉపఫారములో నున్నవానినే లెక్కించును. జులై నెల అరువులు మాత్రమే కనబడునట్లు ఎవరైన వడపోత పెట్టియున్నచో, రామునికి మూడు అను సంఖ్యకు మారుగ ఒకటి అని వచ్చును. క్రొత్త రికార్డులు చేర్చుటకు వీలులేని ఉపఫారము ఖాళీగ నున్నప్పుడు, పై గడిలో సున్నకు బదులు దోషసూచన కనబడవచ్చును.

రెండవది, యాక్సెస్‌లో డీకౌంట్ అను ప్రమేయమును వాడుట. దీనికి మూడు మాటలు చెప్పవలెను: దేనిని లెక్కింపవలెను, ఏ పట్టికలో, ఏ నిబంధనకు లోబడి. డీకౌంట్("*", "అరువులు", "సభ్యసంఖ్య = 1") అన్నచో మూడు వచ్చును. ఫారములో 1 అను అంకెకు బదులుగ, అప్పుడు తెరపై నున్న సభ్యుని సంఖ్యను జతచేయుదురు. ఇది ఉపఫారముతో పనిలేకుండ నేరుగ పట్టికనే అడుగును. అరువులు లేని గోపాలునికి సున్న యనియే చెప్పును. ఐతే ఫారములో క్రొత్త సభ్యుని పేరు వ్రాయుటకు ఖాళీ పుట తెరచినప్పుడు సభ్యసంఖ్య యింకను ఏర్పడియుండదు. అప్పుడు నిబంధన "సభ్యసంఖ్య =" అని అసంపూర్తిగ నిలచిపోవును; గడిలో దోషసూచన కనబడును. సంఖ్య లేనప్పుడు సున్నను తీసికొనుమని ఎన్‌జడ్ అను ప్రమేయముతో చెప్పినచో ఈ చిక్కు తీరును. సభ్యసంఖ్యలో అక్షరములు కూడ ఉన్నచో నిబంధనలో దానిని కొటేషను గుర్తుల నడుమ ఉంచవలెను.

మూడవది, సభ్యులందరి లెక్కను ఒకేమారు తేల్చు క్వెరీ వ్రాయుట. క్వెరీ అనగా పట్టికలను అడుగు ప్రశ్న. వందలకొలది సభ్యుల జాబితా కావలసినప్పుడు ఇది మేలు. ఏలయన డీకౌంట్ ప్రతి పంక్తికిని పట్టికను విడివిడిగ అడుగును, అందువలన ఆలస్యమగును. కాని యాక్సెస్‌లో ఇట్లు గుంపులుగ కూడిన క్వెరీమీద నిర్మించిన ఫారము చూచుటకే పనికివచ్చును. అందులో పేరుగాని తరగతిగాని దిద్దుటకు వీలుండదు.

నక్షత్రమునకు, గడి పేరునకు గల భేదము

ప్రధానోపాధ్యాయుడు అడిగినది రాముడు ఎన్ని పుస్తకములు తీసికొనెనని కాదు, ఎన్ని అతనివద్ద మిగిలినవని. మూడు అను సమాధానము కూడికలో తప్పు కాకపోయినను, అడిగిన ప్రశ్నకు తప్పే.

ఇక్కడ ఖాళీ గడి స్వభావము తెలిసికొనవలెను. తిరిగి వచ్చిన తేదీ లేని గడిలో ఉన్నది సున్న కాదు. అక్కడ విలువయే లేదు. దీనిని నల్ అందురు. కౌంట్ సూత్రములో నక్షత్రము గుర్తు ఉంచినచో అది పంక్తులను లెక్కించును. గడి పేరు వ్రాసినచో, ఆ గడిలో విలువ ఉన్న పంక్తులను మాత్రమే లెక్కించి నల్ ఉన్నవానిని విడిచిపెట్టును. కనుక రామునికి కౌంట్(*) మూడు, కౌంట్(తిరిగి వచ్చిన తేదీ) ఒకటి. ఈ రెంటి భేదము రెండు. అవియే అతనివద్దనున్న పుస్తకములు. "సభ్యసంఖ్య 1 కావలెను, తిరిగి వచ్చిన తేదీ నల్ కావలెను" అని డీకౌంట్‌కు నిబంధన పెట్టినను రెండే వచ్చును. ఒకే సంఖ్యకు రెండు దారులు ఉండుట మంచిది. ఒకదానితో మరియొకదానిని సరిచూచుకొనవచ్చును.

గోపాలుడు ఏమైనాడు?

మూడవ మార్గమైన క్వెరీలో ఒక విచిత్రము కలదు. రెండు పట్టికలను మామూలుగ జోడించినచో, జత దొరకిన పంక్తులే మిగులును. గోపాలునికి అరువు లేదు గనుక జత దొరకదు. జాబితానుండి అతని పేరే మాయమగును. బాకీ లేనివారి జాబితా కావలసిన ప్రధానోపాధ్యాయునికి ముఖ్యముగ కనబడవలసినవాడు అతడే.

అందుచేత సభ్యులందరిని నిలిపియుంచు జోడింపును వాడుదురు. దీనిని ఎడమ జోడింపు, లెఫ్ట్ జాయిన్, అందురు. ఇప్పుడు గోపాలుని పేరు వచ్చును. అతని ప్రక్కన అరువు గడులన్నియు నల్‌గ ఉండును. కాని ఇక్కడ కౌంట్(*) వ్రాసినచో గోపాలునికి ఒక అరువు ఉన్నట్లు తేలును! అతని పేరు నిలుచుటకై ఏర్పడిన ఖాళీ పంక్తిని కూడ నక్షత్రము లెక్కించినది. కౌంట్(అరువు సంఖ్య) అని వ్రాసినచో ఆ గడి నల్ గనుక సున్న వచ్చును. ఏ పుస్తకమును తాకని విద్యార్థిని బాకీదారుగ చూపు తప్పు ఇట్లు ఒక్క గుర్తువలన పుట్టును.

దీనిని పట్టుకొనుటకు సులభమైన పరీక్ష కలదు. సభ్యులందరి సంఖ్యలను కూడినచో అరువుల పట్టికలోని మొత్తము రికార్డుల సంఖ్య రావలెను. మూడును రెండును సున్నయు ఐదు, సరిపోయినది. మూడును రెండును ఒకటియు ఆరు, తప్పు బయటపడినది. మొత్తము ఐదుకు తక్కువ వచ్చినచో, సభ్యుల పట్టికలో లేని సంఖ్యతో ఎవరో అరువు వ్రాసినారని అనుమానింపవలెను. అట్టి అనాథ రికార్డులను పట్టికలోనికి రానీయకుండ పట్టికల మధ్య కట్టుబాటు విధించు సౌకర్యము డేటాబేసులలో కలదు.

సంఖ్యను వ్రాసి ఉంచరాదు

"సభ్యులు" పట్టికలోనే "బాకీ పుస్తకములు" అను గడి పెట్టి అందులో 2 అని వ్రాసి ఉంచరాదా అని విద్యార్థులు అడుగవచ్చును. రాముడు ఒక పుస్తకము తిరిగి ఇచ్చిననాడు అరువు రికార్డులో తేదీ వేసి, ఈ గడిని 1గ మార్చుట మరచినచో, ఒకే విషయమునకు రెండు సాక్ష్యములు ఏర్పడి ఒకదానికొకటి విరుద్ధముగ నిలుచును. ఏది నిజమో చెప్పుట కష్టము. లెక్కించి తెలిసికొనదగినదానిని వ్రాసి దాచక, అవసరమైనప్పుడెల్ల లెక్కించుటయే క్షేమకరము. పుస్తకము తిరిగి వచ్చినప్పుడు అరువు రికార్డును చెరిపివేయుట కూడ మంచిది కాదు. తేదీ వేసినచో బాకీయు తగ్గును, చరిత్రయు మిగులును.

లెక్కించునదియు ఏ క్షణమున లెక్కించుచున్నదో గమనింపవలెను. యాక్సెస్‌లో ఒక రికార్డును దిద్దుచున్నంతసేపు దాని అంచున పెన్సిలు గుర్తు కనబడును. ఆ మార్పు ఇంకను పట్టికకు చేరలేదని దాని అర్థము. డీకౌంట్ పట్టికకు చేరినవానినే లెక్కించును. మరియొక పంక్తికి జరిగినంతనే రికార్డు భద్రమగును గాని, పై ఫారములోని సంఖ్య వెంటనే మారకపోవచ్చును. ఎఫ్-9 మీట నొక్కినచో ఫారము తన లెక్కలను మరల చేసికొనును. ఉపఫారములో రికార్డు భద్రమైనప్పుడెల్ల ఈ పని తానుగ జరుగునట్లు కూడ ఏర్పాటు చేయవచ్చును.

తరగతి గదిలో

ఈ విషయమును బోధించుటకు కంప్యూటరు కూడ అక్కరలేదు. ఉపాధ్యాయుడు ఐదు చీటీలపై పై ఐదు అరువులను వ్రాసి బల్లమీద పరచి, ముగ్గురు విద్యార్థులను 1, 2, 3 సంఖ్యలతో నిలబెట్టవచ్చును. ఎవరి చీటీలను వారు ఏరుకొనిన పిమ్మట "నీ చీటీలు ఎన్ని?" అనియు, "తిరిగి వచ్చిన తేదీ లేని చీటీలు ఎన్ని?" అనియు విడివిడిగ అడుగవలెను. మూడవవాడు వట్టిచేతులతో నిలబడి "సున్న" అని చెప్పవలెను. వానిని పిలువకుండ విడిచినచో ఆట పూర్తికాదు. ముగ్గురి సంఖ్యలను నల్లబల్లపై కూడి, బల్లమీది మొత్తముతో సరిచూడవలెను.

లెక్కించు శ్రమను యంత్రము తగ్గించును. దేనిని లెక్కింపవలెనో నిర్ణయించు బాధ్యతను తీసికొనదు. "ఎన్ని?" అను ప్రశ్నకు ముందు "ఏవి, ఎవరివి, ఎప్పటివి?" అను మూడు ప్రశ్నలు వేసికొనిన విద్యార్థి తెరమీది సంఖ్యను చూచి మోసపోడు, అతని లెక్కవలన తోటి విద్యార్థికి అన్యాయమును జరుగదు.