సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ కొలువుకు దారి ఇదీ

* ధ్రువపత్రం కంటే రాసిన కోడే బలమైన సాక్ష్యం
* సొంత ఊరి నుంచే సాధన చేయవచ్చు
* దొడ్డిదారి ఉద్యోగాల వలలో పడొద్దు

హనుమకొండ: 2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వాల్సి వచ్చింది. ఆ రోజు ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు స్తంభించాయి. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన తాజా మార్పే అందుకు కారణం. 20 విలువలే అందిన చోట ఆ ప్రోగ్రామ్ 21వ విలువను చదవబోయింది. మామూలు అప్లికేషన్‌లో ఇలాంటి తప్పు దొర్లితే ఆ ఒక్కటే మూతపడుతుంది. ఈ ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో నడుస్తున్నందున యంత్రం మొత్తం ఆగిపోయింది.

ఈ లోతుల్లో పనిచేసే సాఫ్ట్‌వేర్‌ను రాయడమే సిస్టమ్స్ ప్రోగ్రామింగ్. ఆపరేటింగ్ సిస్టమ్‌లు, డివైస్ డ్రైవర్లు, కంపైలర్లు, ఫర్మ్‌వేర్, డేటాబేస్ ఇంజిన్లు దీని పరిధిలోకి వస్తాయి. వరంగల్, హనుమకొండ ప్రాంత కళాశాలల నుంచి ఏటా పెద్దసంఖ్యలో విద్యార్థులు సీఎస్‌ఈ పట్టాతో బయటకు వస్తున్నారు. వారిలో ఈ రంగంపై ఆసక్తి ఉన్నవారికి ఎదురయ్యే మొదటి చిక్కు దారి తెలియకపోవడమే. కాజీపేటలో రైలెక్కి అమీర్‌పేట హాస్టళ్లలో చేరేవారికి జావా, టెస్టింగ్, క్లౌడ్ కోర్సుల బోర్డులు అడుగడుగునా కనిపిస్తాయి. కెర్నెల్ పని నేర్పే బోర్డు మాత్రం అరుదు.

పేరు చూసి మోసపోవద్దు

ఉద్యోగ ప్రకటనల్లో ‘సిస్టమ్స్ ప్రోగ్రామర్’ అన్న పేరు చాలా తక్కువగా కనిపిస్తుంది. ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, ఫర్మ్‌వేర్ ఇంజినీర్, డివైస్ డ్రైవర్ డెవలపర్, బీఎస్‌పీ ఇంజినీర్, కంపైలర్ ఇంజినీర్ వంటి పేర్లతో వెతకాలి. స్టోరేజ్, నెట్‌వర్కింగ్ ఉత్పత్తులు తయారుచేసే సంస్థల ప్రకటనలనూ గమనిస్తుండాలి. మరోవైపు, సేవారంగ ఐటీ సంస్థల్లో ‘సిస్టమ్ ఇంజినీర్’ అన్నది చాలాసార్లు కొత్తగా చేరినవారికి ఇచ్చే హోదా మాత్రమే. అందులో చేరినవారికి ఏ పని అప్పగిస్తారో ముందుగా చెప్పలేం.

మన రాష్ట్రంలోనే ఇటువంటి కొలువులకు చోటుంది. క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్‌విడియా, ఇంటెల్, మైక్రాన్ వంటి చిప్ సంస్థలకు హైదరాబాద్‌లో కార్యాలయాలు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ 1998లోనే అక్కడ అభివృద్ధి కేంద్రం ప్రారంభించింది. చిప్ తయారైతే సరిపోదు. దాన్ని నడిపించే డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ రాసేవారు కావాలి. అయితే అప్లికేషన్ల రంగంతో పోలిస్తే ఇక్కడ కొత్తవారికి ఖాళీలు తక్కువ. అనుభవం ఉన్నవారికే తొలి ప్రాధాన్యం దక్కుతుంది. అనుభవం లేని పట్టభద్రుడు తన సామర్థ్యాన్ని ఎలా నిరూపించుకోవాలన్నదే అసలు ప్రశ్న.

తొలిమెట్టు... సొంత షెల్

ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, కంపైలర్ డిజైన్ సీఎస్‌ఈ పాఠ్యప్రణాళికలో ఉన్నవే. ముఖ్యమైన ప్రశ్నలు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కడంతోనే చాలామంది వాటిని వదిలేస్తున్నారు. ఈ కొలువు కోరేవారు అదే పుస్తకాలను మళ్లీ తెరవాలి. ఈసారి చేతిలో కీబోర్డు ఉండాలి.

సి భాషలో పాయింటర్లు, మెమరీ కేటాయింపు, బిట్ల స్థాయి లెక్కలపై పట్టు సాధించడం మొదటి పని. పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకుని సొంతంగా చిన్న షెల్ రాయడం చక్కటి అభ్యాసం. ‘ఫోర్క్’ అనే సిస్టమ్ కాల్‌ను ఒకసారి పిలిస్తే రెండుచోట్ల జవాబు వస్తుంది. పిల్ల ప్రాసెస్‌లో సున్నా, తల్లి ప్రాసెస్‌లో పిల్ల ప్రాసెస్ సంఖ్య. మరి డైరెక్టరీ మార్చే ‘సీడీ’ ఆదేశాన్ని మిగతా వాటిలా పిల్ల ప్రాసెస్‌లో నడిపితే ఏమవుతుంది? పిల్ల మాత్రమే వేరే డైరెక్టరీకి వెళుతుంది, షెల్ ఉన్నచోటే ఉండిపోతుంది. అందుకే ‘సీడీ’ని షెల్‌లోనే రాయాలి. ఇటువంటి సంగతి పుస్తకం చదివితే మరచిపోవచ్చు, స్వయంగా తప్పుచేసి దిద్దుకుంటే జీవితాంతం గుర్తుంటుంది.

రెండో మెట్టు ‘ఎక్స్‌వీ6’. అమెరికాలోని ఎంఐటీ అధ్యాపకులు బోధన కోసం 2006లో రూపొందించిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. లైనక్స్ కెర్నెల్‌లో కోట్ల వరుసల కోడ్ ఉంటే ఇందులో పదివేల లోపే. మొత్తం చదివి అర్థం చేసుకోవచ్చు. దీనికి కొత్త సిస్టమ్ కాల్ ఒకటి జోడించడం, షెడ్యూలర్‌ను మార్చి చూడడం మంచి ప్రాజెక్టులు. కోడ్, పాఠ్యగ్రంథం రెండూ అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి.

నిద్రపోకూడని కోడ్

మూడో మెట్టు డివైస్ డ్రైవర్. క్యూఈఎంయూ అనే ఉచిత ఎమ్యులేటర్‌లో సాధన చేస్తే ప్రత్యేక పరికరాలు కొనాల్సిన పనిలేదు. డ్రైవర్ కూలినా నష్టపోయేది నకిలీ యంత్రమే.

ఇక్కడే ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ఓ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. నెట్‌వర్క్ కార్డుకు సమాచారం అందగానే అది ప్రాసెసర్‌కు ‘ఇంటరప్ట్’ అనే సంకేతం పంపుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, ఆ సంకేతానికి స్పందించే కోడ్‌ను నడుపుతుంది. ఆ కోడ్ మధ్యలో నిద్రపోకూడదు. నిద్రపోయినదాన్ని తిరిగి లేపాలంటే షెడ్యూలర్‌కు ఓ ప్రాసెస్ కావాలి. ఇంటరప్ట్ కోడ్‌కు సొంత ప్రాసెస్ ఉండదు. కాబట్టి అక్కడ వేచిచూసే క్రమంలో నిద్రపుచ్చే ‘మ్యూటెక్స్’ తాళం పనికిరాదు, ‘స్పిన్‌లాక్’ వాడాలి. ఎక్కువ సమయం పట్టే పనిని తర్వాతకు వాయిదా వేయాలి. ప్రాసెస్ అదే స్పిన్‌లాక్‌ను పట్టుకుని ఉన్నప్పుడు అదే ప్రాసెసర్‌పై ఇంటరప్ట్ వస్తే రెండూ ఒకదాని కోసం ఒకటి చిక్కుకుపోతాయి. అందుకే తాళం పట్టుకునే ముందు ఆ ప్రాసెసర్‌పై ఇంటరప్ట్‌లను నిలిపివేస్తారు. ఇంతవరకు కారణాలతో సహా వివరించగలిగిన అభ్యర్థి నిర్వచనాలు అప్పజెప్పేవారి కంటే ఎంతో ముందుంటాడు.

లైనక్స్‌లో మీ పేరు

ఇక అన్నింటికంటే బలమైన సాక్ష్యం లైనక్స్ కెర్నెల్‌కు పంపే మార్పు. దీన్నే ‘ప్యాచ్’ అంటారు. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ కెర్నెల్‌ను నేడు ప్రపంచంలోని వేలమంది కలిసి అభివృద్ధి చేస్తున్నారు. సుమారు తొమ్మిది, పది వారాలకో కొత్త విడుదల వస్తుంది. ప్యాచ్ పంపడానికి రుసుము లేదు, పట్టా అడగరు, ఏ ఊరివారో చూడరు.

కొత్తవారు ‘డ్రైవర్స్/స్టేజింగ్’ విభాగంతో మొదలుపెట్టవచ్చు. ఇంకా మెరుగుపరచాల్సిన డ్రైవర్లను అందులో ఉంచుతారు. మార్పు చేశాక ‘చెక్‌ప్యాచ్’ అనే పరికరంతో శైలి దోషాలు చూసుకోవాలి. ఎవరికి పంపాలో ‘గెట్ మెయింటెయినర్’ అనే మరో పరికరం చెబుతుంది. ఈ-మెయిల్ సాదా అక్షరాల్లోనే ఉండాలి, జోడింపులు ఉండకూడదు. ఏం మార్చారన్నదే కాక ఎందుకు మార్చారన్నదీ రాయాలి. చివర మీ పేరుతో ‘సైన్డ్ ఆఫ్ బై’ వరుస తప్పనిసరి. ఆ కోడ్‌ను సమర్పించే హక్కు మీకుందని ఇచ్చే హామీ అది.

మొదటి ప్రయత్నంలోనే ఆమోదం లభించడం అరుదు. పెద్దలు ఘాటుగానే తప్పులు ఎత్తిచూపవచ్చు. నొచ్చుకోకుండా సరిదిద్ది రెండో రూపం పంపాలి. జవాబు రాకపోతే ఒకటి రెండు వారాలు ఆగి మర్యాదగా గుర్తుచేయాలి. ఆమోదం పొందిన ప్యాచ్ రచయిత పేరుతో సహా చరిత్రలో శాశ్వతంగా నిలుస్తుంది. ఇంటర్వ్యూ చేసేవారు దాన్ని స్వయంగా చూసుకోవచ్చు. అక్షరదోషాలు దిద్దిన పది ప్యాచ్‌ల కంటే నిజమైన లోపాన్ని కనుగొని సరిచేసిన ఒక్క ప్యాచ్ మిన్న. కృత్రిమ మేధ రాసిచ్చిన కోడ్‌ను అర్థం చేసుకోకుండా పంపితే సమీక్షలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

లైనక్స్ ఫౌండేషన్ మెంటార్‌షిప్, 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ వంటి పథకాలు నేర్చుకునేవారికి మార్గదర్శకులను చూపుతాయి. గూగుల్ పథకంలో 2022 నుంచి చదువు పూర్తయినవారికీ అవకాశం కల్పించారు.

చదువు బాటలూ ఉన్నాయి

గేట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని ఐఐటీ, ఎన్‌ఐటీల్లో ఎంటెక్ చేయడం మరో మార్గం. ప్రాంగణ నియామకాలకు చిప్ సంస్థలు వచ్చే అవకాశం అక్కడ ఎక్కువ. సీ-డాక్ నిర్వహించే ఎంబెడెడ్ సిస్టమ్స్ పీజీ డిప్లొమాకు ‘సీ-క్యాట్’ రాయాలి. కోర్సు వ్యవధి సుమారు ఆరు నెలలు. ఫీజు భరించలేనివారు ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి అందిస్తున్న ఎన్‌పీటీఈఎల్ పాఠాలను ఉచితంగా వినవచ్చు. ధ్రువపత్రం కావాలంటేనే పరీక్ష రుసుము కట్టాలి.

సి భాష పునాది గట్టిపడ్డాక రస్ట్ నేర్చుకోవడం మేలు. 2022 డిసెంబరులో వెలువడిన లైనక్స్ 6.1 నుంచి కెర్నెల్‌లో రస్ట్‌కూ చోటు దక్కింది. శంషాబాద్‌లో పాసులు చేతితో రాయించిన తరహా మెమరీ తప్పులను చాలావరకు అడ్డుకునేలా ఈ భాషను రూపొందించారు.

తొందరే అసలు శత్రువు

ఈ సాధనకు ఏడాది పట్టవచ్చు, అంతకు మించీ పట్టవచ్చు. ఇంటి పరిస్థితి అంతకాలం ఆగనివ్వకపోతే దొరికిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, రోజుకు రెండు గంటలు దీనికి కేటాయించడం తప్పుకాదు. చిన్న ఎంబెడెడ్ సేవల సంస్థలో తక్కువ జీతానికి చేరినా అక్కడి డ్రైవర్ల పని రేపటి అనుభవమవుతుంది.

తల్లిదండ్రులు పొలం కుదువపెట్టి తెచ్చిన లక్షల రూపాయలను దళారుల చేతిలో పోసి ‘బ్యాక్‌డోర్’ కొలువు కొనడం మాత్రం ప్రమాదకరం. సక్రమ నియామకానికి ఏ సంస్థా అభ్యర్థి నుంచి సొమ్ము తీసుకోదు. నకిలీ అనుభవ పత్రాలు పూర్వాపరాల తనిఖీలో బయటపడితే ఉన్న ఉద్యోగమూ పోతుంది. ఈ రంగంలో దళారీ చేయగలిగింది అసలే లేదు. డ్రైవర్ ఎందుకు కూలిందో ఇంటర్వ్యూలో ఆయన వచ్చి చెప్పలేడు.

దరఖాస్తుకు ముందు చూసుకోండి

* రెజ్యూమెలో రాసిన ప్రతి ప్రాజెక్టులో ప్రతి వరుసనూ వివరించగలరా?
* కోడ్ అందరికీ కనిపించే చోట ఉందా? నడిపే విధానం రాశారా?
* ప్రాసెస్, థ్రెడ్, వర్చువల్ మెమరీ, డెడ్‌లాక్‌లను సొంత మాటల్లో, సొంత ఉదాహరణతో చెప్పగలరా?
* మీరు చేసిన ఒక పెద్ద తప్పును ఎలా పట్టుకున్నారో చెప్పగలరా?
* ప్రకటనలో హోదాతో పాటు పని వివరాలు పూర్తిగా చదివారా?