600 వాట్లు దాటుతుందా? రాబోయే ఆర్‌టీఎక్స్ టాప్ కార్డుకి పవర్, కూలింగ్ ఎంత కావాలి?

ఈ మధ్య చాలామంది నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: "అన్నా, ఆర్‌టీఎక్స్ 5090 తర్వాత వచ్చే కార్డు 600 వాట్లు దాటేస్తుందంట కదా, ఇప్పుడే 1200 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కొని పెట్టుకోవాలా?" ఇందులో వేల రూపాయల ఖర్చు ఉంది. అందుకే ఈరోజు ఆ లీకుల్ని పక్కన పెట్టి, లెక్కతో చూద్దాం.

ముందు పాత రికార్డు చూడండి. 2017లో వచ్చిన జీటీఎక్స్ 1080 టీఐ 250 వాట్లు. 2020లో 3090 వచ్చింది, 350. 2022లో 4090, 450. 2025 జనవరిలో 5090, 575 వాట్లు. ఎనిమిదేళ్లలో రెట్టింపు కంటే ఎక్కువ. ఇది చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది, కాదనను.

కానీ ఇక్కడ ఒక తమాషా ఉంది. 4090 రాకముందు కూడా అది 600 వాట్లు అని లీకులు వచ్చాయి. తీరా చూస్తే 450. 5090కి కూడా 600 అన్నారు, 575 వచ్చింది. ఒకసారి లీక్ బాగా తప్పింది, ఒకసారి దగ్గరికి వచ్చింది. ఎందుకలా?

సమాధానం చిప్ తయారయ్యే ప్రాసెస్‌లో ఉంది. 3090 చిప్ శామ్‌సంగ్ 8 నానోమీటర్ ప్రాసెస్‌లో తయారైంది. 4090కి వచ్చేసరికి టీఎస్‌ఎంసీ 4ఎన్‌కి మారారు. ప్రాసెస్ మెరుగైతే అదే పని తక్కువ వోల్టేజ్‌లో అవుతుంది. చిప్ తినే పవర్ వోల్టేజ్ స్క్వేర్‌ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వోల్టేజ్ 10 శాతం తగ్గితే పవర్ సుమారు 19 శాతం తగ్గుతుంది. అదే 5090లో ప్రాసెస్ దాదాపు పాతదే. కోర్లు మాత్రం 16,384 నుంచి 21,760కి పెంచారు, మెమరీ బస్ 384 బిట్ నుంచి 512 బిట్‌కి తీసుకెళ్లారు. ప్రాసెస్ మారకుండా చిప్ పెద్దదైతే కరెంట్ పెరగక ఏమవుతుంది?

కాబట్టి లీక్ వచ్చినప్పుడు వాట్లు ఎన్ని అని కాదు, ప్రాసెస్ మారుతోందా లేదా అని అడగండి. మారితే 600 దాటుతుందన్న మాటని నేను సగమే నమ్ముతాను. మారకపోతే పూర్తిగా నమ్ముతాను.

రెండో విషయం, కనెక్టర్. ఇప్పుడున్న 16 పిన్నుల కనెక్టర్ గరిష్ఠంగా 600 వాట్లకే. 12 వోల్టుల దగ్గర 600 వాట్లంటే 50 యాంపియర్లు. అది ఆరు వైర్ల మీద పంచుకుంటే ఒక్కోదానికి 8.3 యాంపియర్లు. పాత 8 పిన్ కనెక్టర్‌లో 150 వాట్లు మూడు వైర్ల మీద, అంటే ఒక్కోదానికి 4.2 మాత్రమే. ఇప్పుడు పిన్ చిన్నదైంది, లోడ్ రెట్టింపైంది. ఒక్క పిన్ సరిగా ఆనకపోయినా మిగతావి ఆ భారం మోయాలి. 2022 చివర్లో 4090 కనెక్టర్లు కరిగిన వార్తలు గుర్తున్నాయి కదా? ఆ తర్వాత 2023లో సెన్స్ పిన్నులు పొట్టిగా చేసి, ప్లగ్ పూర్తిగా దిగకపోతే పవర్ రాకుండా మార్చారు. అందుకే నా అంచనా: ఒకే కనెక్టర్ ఉన్నంతకాలం కొత్త కార్డు 600 గీత దాటదు. దాటాలంటే రెండో కనెక్టర్ పెట్టాలి.

ఇక కూలింగ్. చాలామంది "పెద్ద ఫ్యాన్లు పెడితే సరిపోతుంది" అనుకుంటారు. కూలర్ వేడిని మాయం చేయదండి. చిప్ మీద నుంచి తీసి మీ గదిలోకి వదులుతుంది, అంతే. 25 డిగ్రీల గదిలో చిప్ 75 దగ్గర నిలబడుతోంది అనుకుందాం. తేడా 50. అదే ఫ్యాన్ స్పీడ్‌తో మే నెల విజయవాడలో, రామగుండంలో 40 డిగ్రీల గదిలో పెడితే 90కి చేరుతుంది. 4090, 5090 రెండింటి లిమిట్ కూడా 90 డిగ్రీలే. అక్కడి నుంచి కార్డు తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో తీసిన రివ్యూ నంబర్లు మన ఎండాకాలానికి సరిపోవు.

కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిపి 800 వాట్లు అనుకోండి. ఒక టన్ను ఏసీ బయటికి తోసే వేడి సుమారు 3,500 వాట్లు. అంటే ఏసీ శక్తిలో దాదాపు పావు వంతు మీ పీసీకే పోతుంది. రోజుకి నాలుగు గంటలు ఆడితే నెలకి 96 యూనిట్లు. ఆ వేడిని తీయడానికి ఏసీ తినే కరెంట్ అదనం. బిల్లు పై స్లాబ్‌లోకి వెళ్లడానికి ఇది చాలు.

మరి కొనాలా వద్దా? నా సలహా: కార్డు రాకముందు ఎస్‌ఎంపీఎస్ కొనకండి. ఇప్పుడు కొనక తప్పదంటే ఏటీఎక్స్ 3 స్టాండర్డ్ ఉన్న 1000 వాట్లది చాలు. 5090కి ఎన్విడియా చెప్పింది కూడా 1000 వాట్లే. ఈ స్టాండర్డ్‌లో 100 మైక్రోసెకన్ల పాటు రెట్టింపు లోడ్ వచ్చినా తట్టుకునేలా డిజైన్ చేయాలి. క్షణకాలం వచ్చే స్పైకుల గురించి భయం అక్కర్లేదు.

యూపీఎస్ విషయం మాత్రం మర్చిపోకండి. మన ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. గేమ్ మధ్యలో కరెంట్ పోయిందంటే అది ఆ క్షణమే చేతులెత్తేస్తుంది.

చివరిగా ఒక్క మాట. పవర్ లిమిట్‌ని సాఫ్ట్‌వేర్‌లో 75, 80 శాతానికి తగ్గించి చూడండి. పెద్ద కార్డుల్లో చాలా గేముల్లో పోయేది కొద్ది ఫ్రేములే, తగ్గేది మాత్రం వంద వాట్లకు పైనే. కొత్త కార్డు ఎన్ని వాట్లతో వచ్చినా, మీ గదికి ఎంత కావాలో నిర్ణయించాల్సింది మీరే. వచ్చే ఎపిసోడ్‌లో క్యాబినెట్ గాలి దారి గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి, నమస్తే.