సరాయి కట్టిన ఊళ్లో నీడ లేనివాళ్లు

విజయవాడ రోడ్డు మీద పోయేవాళ్లకు హయత్‌నగర్ అంటే ఓ బస్టాపు, కాసేపు ట్రాఫిక్. రోడ్డు దిగి లోపలికి నడిస్తే హయత్ బక్షీ బేగం పేరిట కుతుబ్‌షాహీలు కట్టించిన మసీదు, దాని చుట్టూ నాలుగు వైపులా కమాను గదులు కనిపిస్తాయి. అదంతా సరాయి. గదులే వందకు పైగా ఉన్నాయి. దగ్గర్లోనే హాథీ బావి. దారిన పోయేవాడికి రాత్రి తలదాచుకునే చోటు, తాగడానికి నీళ్లు ఉండాలని 17వ శతాబ్దంలోనే ఏలినవాళ్లకు తట్టింది.

ఇప్పుడు అదే రోడ్డు వెంట అర్ధరాత్రి ఎల్బీనగర్ వైపు వెళ్లి చూడండి. ఫ్లైఓవర్ల కింద, మెట్రో పిల్లర్ల పక్కన, దించిన షట్టర్ల ముందు మనుషులు పడుకుని ఉంటారు. తెల్లారితే అడ్డా మీద నిలబడాల్సిన కూలీలు, ఇంట్లో చోటు దక్కని ముసలివాళ్లు, మతి తప్పి ఊరు మరిచినవాళ్లు.

వీళ్ల కోసం ఆదేశాలు లేకపోలేదు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లోనే పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా రాత్రింబవళ్లు తెరిచే ఉండాలని చెప్పింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కూడా అదే లెక్క పెట్టుకుంది. 2011 జనగణనలో జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షలు. అంటే కనీసం 67 షెల్టర్లు ఉండాలి. జీహెచ్‌ఎంసీ, అమన్ వేదిక లాంటి సంస్థలు కలిసి నడుపుతున్నవి ఆ అంకెకు చాలా దూరంలోనే ఉన్నాయి.

ఇక ఈ లోటు తీర్చడానికి చేయి వేయగల కుర్రాళ్ల సంగతి. దిల్‌సుఖ్‌నగర్ అంటేనే హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. ఇల్లు వదిలి వచ్చి, నలుగురున్న గదిలో ఒక మంచానికి అద్దె కట్టే పిల్లలకు చోటు విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. సాయపడాలనుకుంటే వాళ్లకు దారులూ ఉన్నాయి. 1969 నుంచి నడుస్తున్న ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. 2009లో హైదరాబాద్ విద్యార్థులే మొదలుపెట్టిన స్ట్రీట్ కాజ్ సంస్థ ఉంది. హోటళ్లలో మిగిలిన అన్నం పంచే రాబిన్ హుడ్ ఆర్మీ ఉంది. అది డబ్బు రూపంలో విరాళాలు తీసుకోదు.

అన్నం పొట్లం, చలికాలంలో దుప్పటి తప్పకుండా ఇవ్వాల్సిందే. కానీ రోడ్డు మీద ఉండేవాడు పొద్దున లేచాక ఆ దుప్పటిని ఎక్కడ దాచుకుంటాడు? షెల్టర్‌లో మంచం దొరికినా ఆధార్ లేనివాడికి పింఛను, రేషన్ ఎలా వస్తాయి? ఆస్పత్రిలో ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడి, డాక్టరు చెప్పింది విని, మందులు తెచ్చి పెట్టే మనిషి కావాలి. షెల్టర్‌ను వదిలి కేర్‌టేకర్ రాలేడు. గుర్తున్న ఒక్క ఊరి పేరు పట్టుకుని పోలీస్ స్టేషన్‌కో, పంచాయతీకో ఫోన్లు చేసే ఓపిక కావాలి. ఇవేవీ ఒక్క ఆదివారంతో తేలవు. షెల్టర్‌లోని ముసలాయన తన కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోకుండా ఉండాలంటే, పోయిన వారం వచ్చిన పిల్లే ఈ వారమూ రావాలి. అజర్ మక్సూసీ దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద 2012 నుంచి అన్నం పెడుతున్నది ఈ పట్టుతోనే.

ఫొటోల జోలికి మాత్రం పోవద్దు. తన్నులు తినలేక ఇల్లు విడిచి వచ్చిన ఆడమనిషి ముఖం సోషల్ మీడియాలో పడితే ఎవరి కంట పడుతుందో చెప్పలేం.

ఎల్బీనగర్ వైపు షెల్టర్ల అవసరం పెరిగేదే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయింది. ఆ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. వెయ్యిమంది రోగులుంటే వాళ్ల వెంట వచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్లు పడుకునే చోటు గురించి ఇప్పుడే అడగాలి.

2011లో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. దేశంలో 17.7 లక్షల మంది తేలారు. రాబోయే జనగణనకు కేంద్రం 2027 మార్చి 1ని ప్రామాణికంగా ప్రకటించింది. ఏ ఫ్లైఓవర్ కింద ఎవరు పడుకుంటారో తెలిసిన కాలేజీ పిల్లలు ఆ జాబితాను ఇప్పటి నుంచే రాసిపెట్టుకుని, లెక్కకు వచ్చే ఎన్యూమరేటర్ల చేతికివ్వాలి.